రిపోర్టుకు నొప్పి లేదు, నాకుంది

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 58. టీచరుగా పనిచేస్తున్నాను. పద్నాలుగు నెలల కిందట ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా పట్టీ చుట్టినట్టు పొక్కులు లేచాయి. సర్పి అన్నారు. మూడు వారాల్లో పొక్కులు మాడిపోయాయి, మంట మాత్రం పోలేదు. ఒంటి మీది బట్ట కదిలినా నిప్పు రాసినట్టు ఉంటుంది. ఉండుండి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. విచిత్రం ఏమిటంటే అక్కడే గిల్లితే సరిగా తెలియదు. ఈసీజీ, ఎక్స్‌రే, వెన్ను ఎమ్మారై, నరాల పరీక్ష అన్నీ చేయించాం. అన్నీ నార్మల్. "అంతా నీ మనసులోనే ఉంది, దాని గురించి ఆలోచించకు" అంటారు మావారు. ఒక డాక్టర్ గారు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. రెండు రాత్రులు వేసుకుంటే నోరు పిడచగట్టుకుపోయింది, పొద్దున లేవలేకపోయాను. నెట్‌లో చూస్తే అది డిప్రెషన్ మందని ఉంది. అంటే ఆయనకూ నాది పిచ్చిలాగే కనబడిందన్నమాట. మానేశాను. ఇప్పుడు రోజుకో డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర, నరాల బలానికని ఒక విటమిన్ మాత్ర వేసుకుంటున్నాను. నొప్పి తక్కువగా ఉన్న రోజు ఇంటిపని, నోటుపుస్తకాలు దిద్దడం అన్నీ చేసేస్తాను. తర్వాత మూడు రోజులు మంచమే. మొన్న రెండేళ్ల మనవరాలు పరుగున వచ్చి నా గుండెకు అతుక్కుంటే తోసేశాను. పిల్ల వెనక్కి పడింది. దెబ్బేమీ తగల్లేదు కానీ ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాను. నాకు నిజంగా నొప్పి ఉందా, నేనే ఊహించుకుంటున్నానా? ఇది పోతుందా?

సమాధానం: అమ్మా, మీ రెండు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు తేలిక. నొప్పి ఉంది. ఊహ కాదు. దానికి సాక్ష్యం మీ ఉత్తరంలో మీరే రాశారు. బట్ట తగిలితే మండే చోటే గిల్లితే తెలియడం లేదన్నారు చూశారా, అది చదవగానే నాకు సగం సంగతి అర్థమైపోయింది. లేని నొప్పిని కల్పించి చెప్పేవాళ్లకు ఇంత వింత వివరం తట్టదు. స్పర్శ మొద్దుబారిన చోటే చిన్న తాకిడికి భగ్గుమంటోందంటే ఆ చోటును చూసుకునే నరం దెబ్బతిందన్నమాట.

మన భాషలో నొప్పులకు ఎన్ని పేర్లో. పన్ను సలుపుతుంది, చెవి పోటు పెడుతుంది, కాళ్లు పీకుతాయి, నడుం పట్టేస్తుంది, కడుపు మెలిపెడుతుంది. ఇవి కండవో, ఎముకవో, పేగువో. నరం చెప్పుకునే బాధకు వేరే మాటలున్నాయి: మంట, తిమ్మిరి, జిల, సూదులు గుచ్చడం, చీమలు పాకడం, షాక్ కొట్టడం, జివ్వుమనడం, మొద్దుబారడం. నరాల నొప్పిని పసిగట్టడానికి డాక్టర్లు వాడే డీఎన్4 అనే చిన్న పరీక్షలో అడిగేవీ దాదాపు ఇవే. పదింట నాలుగు ఉంటే అది నరాల నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. మిమ్మల్ని చూడకుండానే, మీ ఉత్తరంలోని మాటలతోనే నాకు నాలుగు తేలాయి. అందుకే చెబుతున్నాను, డాక్టరు దగ్గర "నొప్పండీ" అని ఆపేయకండి. ఇంట్లో పక్కవాళ్లతో ఎలా చెబుతారో ఆ మాటల్లోనే చెప్పండి. మంటకూ సలుపుకూ మందులు వేరు.

ఇంతకీ లోపల జరిగిందేమిటి? చిన్నప్పుడు ఎప్పుడో మీకు ఆటలమ్మ పోసి ఉంటుంది. ఒళ్లంతా తగ్గాక కూడా ఆ వైరస్ వెళ్లిపోదు. వెన్నుపాము పక్కన ఉండే నరాల ముడుల్లో దాక్కుని ఏళ్లకేళ్లు నిద్రపోతుంది. వయసు మీద పడో, మరే కారణంగానో రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు ఏదో ఒక ముడిలో మేల్కొని, ఆ ఒక్క నరం వెంట చర్మం దాకా నడిచి వస్తుంది. సర్పి ఒంటికి ఒక పక్కనే, పట్టీలాగా రావడానికి కారణం అదే. ఆ పొక్కులు దాని చివరి మజిలీ మాత్రమే. అది వచ్చిన దారి పొడుగునా నలిగింది నరం. చర్మం మూడు వారాల్లో మానుతుంది, నరం అలా మానదు. పొక్కులు వచ్చి మూడు నెలలు దాటాక కూడా మిగిలే ఈ నొప్పికి పోస్ట్ హెర్పిటిక్ న్యూరాల్జియా అని పేరు. అరుదైన జబ్బేమీ కాదు. వయసు పెరిగేకొద్దీ దీని బారిన పడేవాళ్లు పెరుగుతారు.

నరం అంటే ఒక్క తీగ కాదు, రకరకాల పోగుల కట్ట. తాకిడిని మోసే లావు పోగులు సెకనుకు 35 నుంచి 75 మీటర్ల వేగంతో కబురు పంపిస్తాయి. మంటను మోసే సన్న పోగులు సెకనుకు రెండు మీటర్లు కూడా దాటవు, అంటే మనిషి నడకంత. కాలి వేలు గడపకు కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమని, ఒక క్షణం ఆగి అసలు బాధ మొదలవుతుంది కదా, ఆ క్షణం తేడా పోగుల వేగాల్లో ఉన్న ఇలాంటి తేడా వల్లే. మామూలుగా లావు పోగుల కబుర్లు ఒక దారిన, సన్న పోగులవి ఇంకో దారిన వెళ్తాయి. మీకు ఆ దారులు కలగాపులగం అయ్యాయి.

టీచరు గారు కాబట్టి ఇలా చెబుతాను. మీరు బయటికి వెళ్తూ, అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని క్లాస్ లీడరుకు చెప్పారు. వాడు బుద్ధిగా రాస్తుంటాడు. ఒకరోజు క్లాసులో పెద్ద కొట్లాట జరిగింది, వాడూ దెబ్బలు తిన్నాడు. ఆ రోజు నుంచి వాడికి బెదురు పట్టుకుంది. పుస్తకం పేజీ తిప్పినవాడి పేరూ రాస్తాడు, దగ్గినవాడి పేరూ రాస్తాడు, ఎవరూ కదలకపోయినా రాస్తాడు. మీరు తిరిగొచ్చేసరికి బోర్డు నిండా పేర్లే. ఆ పేర్లు అబద్ధం కాదు, కళ్లెదుట కనబడుతున్నాయి. అల్లరి మాత్రం జరగలేదు. మీ వెన్నుపాములో ఉన్న లీడరు అలాంటివాడు. బట్ట కదిలిందని కబురు వస్తే నిప్పు అని రాస్తున్నాడు. వెన్నుపాము ఇలా బెదురుపట్టి గోరంతను కొండంత చేస్తుందని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే పరిశోధకుడు చూపించాడు. అప్పటిదాకా చాలామంది డాక్టర్లు కూడా దెబ్బ ఎంతో నొప్పి అంతే అనుకునేవాళ్లు.

అసలు అవయవమే లేని చోట నొప్పి రావడం అంతకు వందేళ్ల ముందు నుంచే తెలుసు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లు చేతులు పోగొట్టుకున్న సైనికులు లేని పాదంలో మంట అని గోల పెట్టేవారు. వాళ్లకు వైద్యం చేసిన సైలస్ వియర్ మిచెల్ 1871లో దానికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టాడు. లేని కాలు నొప్పెట్టినప్పుడు, ఉన్న చర్మం, అదీ నరం నలిగిన చర్మం నొప్పెట్టడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇక మీ రిపోర్టులు. ఈసీజీ గుండెను చూస్తుంది. ఎమ్మారై ఎముకలనూ డిస్కులనూ వెన్నుపామునూ బొమ్మ తీస్తుంది. నరం కలిగించే మంటకు బొమ్మ ఉండదు. నరాల పరీక్ష, అంటే చిన్న చిన్న షాకులు ఇచ్చి కొలిచేది, లావు పోగుల వేగాన్నే కొలుస్తుంది. మంటను మోసే సన్న పోగులు దానికి అసలు కనబడవు. పైగా ఆ పరీక్ష మామూలుగా చేసేది కాళ్లకూ చేతులకూ. పక్కటెముకల మధ్య నరం జోలికే వెళ్లి ఉండరు. కాబట్టి నార్మల్ అంటే "మేం వెతికిన చోట, వెతికిన వస్తువు దొరకలేదు" అని మాత్రమే. మీ జబ్బు తేలడానికి సర్పి వచ్చిన చరిత్ర, మీరు చెప్పే మాటలు, ఒక దూది పింజ, ఒక గుండుసూది చాలు. దూదితో రాసి, సూదితో తాకి ఎక్కడ మండుతోందో, ఎక్కడ తెలియడం లేదో పెన్నుతో చర్మం మీద గీసుకుంటే ఆ నరం మ్యాప్ తయారవుతుంది. ఇంత ఖర్చుపెట్టి పరీక్షలు చేయించిన వాళ్లలో ఒక్కరైనా మీ వీపు మీద దూది రాసి చూశారా అని నా అనుమానం.

ఆ తప్పు నేనూ చేశాను. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒక పెద్దాయన వచ్చారు. షుగరు ఉంది. రాత్రయితే అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు ఉంటున్నాయని చెప్పారు. నరాల పరీక్ష రాశాను. నార్మల్ వచ్చింది. "ఏమీ లేదండీ, నిశ్చింతగా ఉండండి" అని కాగితం చేతికిచ్చాను. ఆయన కాగితం కాసేపు చూసి, "రిపోర్టుకు నొప్పి లేదు డాక్టరు గారూ, నాకుంది" అన్నారు. కోపంగా కూడా కాదు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. సన్న పోగుల సంగతి నేను సరిగ్గా చదువుకున్నది ఆ తర్వాత.

ఈ పేరా మీవారికి వినిపించండి. అయ్యా, నొప్పి మనసులో ఉందన్న మాటలో మీరు అనుకోని నిజం ఒకటి ఉంది. ప్రతి నొప్పీ తెలిసేది మెదడులోనే, మీ పంటి నొప్పితో సహా. అంతమాత్రాన అది కల్పన అయిపోదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని తిరగరాసినప్పుడు, గాయం కనబడకపోయినా గాయమైనట్టే ఉండే బాధను కూడా నొప్పిగానే లెక్కించింది. నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని ప్రత్యేకంగా రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో 2022 జనవరి నుంచి మూడు నెలలు దాటిన నొప్పికి సొంత చోటు ఉంది. ఆలోచించకు అన్న సలహా కూడా పనిచేయదు. చెవి దగ్గర దోమ మోగుతుంటే వినకు అన్నట్టుంటుంది. దానికి బదులు, నొప్పి ఎలా ఉందని గంటగంటకూ అడగడం మానేసి, సాయంత్రం కాసేపు నడిచొద్దామా అని అడగండి. అది మందుకు తక్కువేం కాదు.

సరే, అమిట్రిప్టిలిన్. ఆ డాక్టరు గారు మిమ్మల్ని పిచ్చివారనుకోలేదమ్మా. మిమ్మల్ని చూసినవాళ్లలో జబ్బు పట్టుకున్నది బహుశా ఆయన ఒక్కరే. ఎందుకు రాశానో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పకపోవడం ఆయన తప్పు. ఆ మందు 1961లో డిప్రెషన్ కోసమే వచ్చింది, నిజమే. ఆ జబ్బుకు ఇచ్చే మోతాదు 75 నుంచి 150 మిల్లీగ్రాములు. మీకు రాసింది 10. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే ఒక దారి ఉంటుంది, వచ్చే నొప్పి కబుర్లకు బ్రేకు వేయడం దాని పని. ఈ మందు ఆ బ్రేకును గట్టిపరుస్తుంది. 1982లోనే దీన్ని సరిగ్గా మీకున్న సర్పి నొప్పి మీదే పరీక్షించి చూశారు. అందులో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి డిప్రెషన్ లేదు. నొప్పి తగ్గినవాళ్లకు సైతం మనసు స్థితిలో మార్పు కనబడలేదు, నొప్పే తగ్గింది.

దీన్ని రెండు రాత్రులు వేసుకుని మానేయడం అంటే అన్నం ఉడకకముందే గిన్నె దించేయడమే. నోరు ఎండడం, మత్తు మొదటి రోజే వస్తాయి, గుణం కనబడడానికి వారాలు పడుతుంది. చిక్కంతా అక్కడే. 10తో మొదలుపెట్టి, ఒంటికి పడేకొద్దీ డాక్టరు నెమ్మదిగా పెంచుతారు. పడినంత మోతాదుకు చేరాక కనీసం రెండు వారాలు ఆగి చూడాలి. మొత్తం ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడకుండా పనిచేయలేదని చెప్పకూడదు. పడుకునేటప్పుడు కాకుండా, పడుకోవడానికి రెండు గంటల ముందు వేసుకుంటే పొద్దుటి మత్తు చాలావరకు తగ్గుతుంది. ఈ ఒక్క మాట చెప్పక ఎంతమంది మందు మానేశారో. అయితే గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నా, గుండె లయ తప్పుతున్నా, మూత్రం బిగపట్టినట్టు అవుతున్నా ముందే చెప్పాలి. అప్పుడు వేరే దారి చూస్తారు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్, డ్యులాక్సిటిన్ అనేవి ఉన్నాయి. మొదటి రెండింటికీ కిడ్నీల పనితీరును బట్టి మోతాదు కట్టాలి. తల తిరగడం, కాళ్లు పొంగడం, బరువు పెరగడం ఉంటాయి. ఉన్నట్టుండి ఆపకూడదు. బలమైన నొప్పి మందులతోనో నిద్రమాత్రలతోనో కలిపితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

వీటి గురించి నేను గొప్పలు చెప్పను. అమిట్రిప్టిలిన్ రకం మందులతో నొప్పి సగానికి సగం తగ్గేది, పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్రతో తగ్గేవాళ్లను తీసేసి చూస్తే, నలుగురైదుగురిలో ఒకరికి. ప్రీగాబలిన్ అయితే ఏడు నుంచి తొమ్మిది మందిలో ఒకరికి. కాబట్టి మొదటి మందు పనిచేయకపోతే మీ నొప్పి అబద్ధమనీ కాదు, మీ కథ ముగిసిందనీ కాదు. రెండోది చూస్తారు, కొన్నిసార్లు రెండూ కొద్దికొద్దిగా కలుపుతారు. నొప్పి పదికి ఏడు నుంచి అయిదుకు దిగినా, వైద్యంలో దాన్ని గెలుపుగానే లెక్కేస్తారు. మీరూ వేయండి.

డైక్లోఫెనాక్ మాత్రం ఆపండి. వాపు ఉన్న చోట పుట్టే రసాయనాలను అడ్డుకోవడం దాని పని. మీకు వాపే లేదు. తాళం వీధి తలుపుకు ఉంటే మీరు పెరటి తలుపులో తాళంచెవి తిప్పుతున్నారు. నొప్పి తగ్గకపోగా కడుపులో పుండు, కిడ్నీలకు నష్టం, బీపీ పెరగడం అనే మూడింటికీ దారి తెరిచి పెట్టారు. ఈసారి వెళ్లినప్పుడు కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, దాంతోపాటు బీపీ చూపించుకోండి. మలం తారులా నల్లగా వస్తుంటే ఆ రోజే వెళ్లండి.

ఆ విటమిన్ మాత్ర అట్ట కూడా ఒకసారి తిప్పి చూడండి. పైరిడాక్సిన్ అని ఉంటుంది, అదే బి6. మనిషికి రోజుకు కావలసింది సుమారు 2 మిల్లీగ్రాములే. నరాల బలానికని అమ్మే మాత్రల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే అదే నరాలను పాడుచేస్తుంది. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, ఇదేదో బలహీనత అనుకుని ఇంకో మాత్ర వేసుకునేవాళ్లను చూశాను. బి12 తక్కువగా ఉంటే వేసుకోవాల్సిందే, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో అది తగ్గుతుంది కూడా. కానీ ముందు రక్తపరీక్ష, తర్వాత మాత్ర.

పైపూత మందులు మీలాంటివారికి బాగా ఉపయోగం, ఎందుకంటే నొప్పి ఉన్న చోటు చిన్నది. లిడోకెయిన్ 5 శాతం పట్టీలు ఉంటాయి. పన్నెండు గంటలు అతికించి పన్నెండు గంటలు తీసేయాలి. ఒంట్లోకి పెద్దగా చేరదు కాబట్టి మత్తు ఉండదు. ఇంకోటి క్యాప్సైసిన్ 8 శాతం పట్టీ. ఇది మిరపకాయలో కారం పుట్టించే పదార్థమే. మనం నిప్పు తగిలినా మంట అంటాం, కారం తగిలినా మంట అంటాం. భాష ఊరికే అనలేదు. రెంటికీ నరం చివర తెరుచుకునే తలుపు ఒకటేనని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునే ఆ తలుపే కారానికీ తెరుచుకుంటుంది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఘాటైన పట్టీని గంటసేపు అతికిస్తే ఆ నరం కొసలు అలసిపోయి కొన్ని వారాలు, కొందరిలో మూడు నెలల దాకా మౌనం పాటిస్తాయి. ఇది డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. కారం కాబట్టి ఇంట్లో నూరి రాద్దామనే ఆలోచన కలలో కూడా వద్దు.

బట్టల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మీకు మంట రేపేది బట్ట బరువు కాదు, బట్ట కదలిక. వదులుగా ఉన్నది అడుగు వేసినప్పుడల్లా చర్మం మీద రాసుకుంటుంది. సుతారంగా రాసుకోవడమే ఈ జబ్బుకు పరమ శత్రువు. చాలామంది వదులు బట్టలే సుఖమనుకుని ఇంకా బాధపడతారు. ఒంటికి అంటిపెట్టుకుని ఉండే, కుట్లు లేని, నున్నటి లోబట్ట ఒకటి వేసుకుని చూడండి. పైబట్ట దాని మీద రాసుకుంటుంది, మీ మీద కాదు. అలాగే నొప్పి ఉన్న చోటుకు కాస్త ఎడంగా, స్పర్శ బాగున్న చోట అరచేత్తో గట్టిగా అదిమి పట్టండి. దెబ్బ తగిలితే మనం ఎవరూ నేర్పకుండానే రుద్దుకుంటాం. లావు పోగుల కబుర్లు వెళ్తుంటే వెన్నుపాములో సన్న పోగులకు ద్వారం కాస్త మూసుకుంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు వివరించారు. ఒక్క జాగ్రత్త, వేడినీళ్ల సంచీ పెట్టొద్దు. మొద్దుబారిన చర్మం కాలినా మీకు తెలియదు.

మంచి రోజున అన్నీ చేసేసి మూడు రోజులు పడుకోవడం గురించి రాశారు. ఈ ఉయ్యాలే మీ నొప్పిని పెంచి పోషిస్తోంది. నేను విశ్రాంతి తీసుకోమని చెప్పడం లేదు, జాగ్రత్తగా వినండి. నోటుపుస్తకాలు ఉదాహరణగా తీసుకుందాం. నొప్పి ఒక మోస్తరుగా ఉన్న రోజున ఎన్ని దిద్దేసరికి మంట రేగుతుందో చూడండి. పన్నెండు అనుకుందాం. ఇక నుంచి తొమ్మిదే. చెడ్డ రోజున కూడా తొమ్మిది, మంచి రోజున కూడా తొమ్మిదే. పదోది తీయబోతున్న చేతిని ఆపడం కష్టం, మీలాంటి పనిమంతులకు మరీ కష్టం. మంచి రోజున ఆగడమే ఈ వైద్యంలో అసలు పరీక్ష. వారం గడిచాక పది. ఆపై వారం పదకొండు. ఆపాల్సింది నొప్పి వచ్చినప్పుడు కాదు, లెక్క పూర్తయినప్పుడు. నడకకూ ఇదే లెక్క. ఇల్లు సర్దడానికీ ఇదే. రాత్రి పడుకునే ముందు ఒక్క లైను రాసుకోండి: ఎన్ని గంటలు నిద్రపట్టింది, ఏం పని చేశాను. నొప్పి ఎంత అన్నది రాయొద్దు. దాన్ని రోజంతా కొలుస్తూ కూర్చుంటే ఆ లీడరుకు ఇంకో సుద్దముక్క ఇచ్చినట్టే.

నిద్ర అన్నాను కదా. నిద్ర చెడిన మర్నాడు నొప్పి పెరగడం మీ ఒక్కరి అనుభవం కాదు. చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఆ అమిట్రిప్టిలిన్ తెచ్చే మత్తు, సరైన వేళకు వేసుకుంటే, ఇక్కడ మీకు మేలే చేస్తుంది. నెలల తరబడి నొప్పితో ఉన్న మనిషికి దిగులు పట్టడమూ సహజమే. దిగులు వల్ల నొప్పి రాలేదు, నొప్పి వల్ల దిగులు వచ్చింది. వచ్చాక అది నొప్పికి తోడవుతుంది. అందుకని మనస్తత్వ నిపుణుల దగ్గరికి వెళ్లమని ఎవరైనా అంటే దాన్ని కూడా పిచ్చి ముద్ర కింద తీసుకోకండి. నొప్పితో రోజు ఎలా గడపాలో నేర్పేవాళ్లు వాళ్లు.

ఒక హెచ్చరిక. మీ నొప్పి ఎడమ ఛాతీ మీద ఉంది. గుండె నొప్పి వచ్చినా ఇది కూడా సర్పిదేలే అనుకునే ప్రమాదం ఉంది. మీ పాత నొప్పి చర్మం మీద మంట, షాక్. బరువు పెట్టి నొక్కినట్టు ఉన్నా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి దవడకో చేతికో పాకినా అది వేరే మనిషి తలుపు తట్టడం. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. నడుం నొప్పితో ఈ శీర్షిక చదివేవాళ్లకు కూడా ఒక మాట: కాలు బలం తగ్గుతున్నా, పాదం లేవకపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా అదుపు తప్పినా రేపటిదాకా ఆగకూడదు.

సర్పి పొక్కులు ఇప్పుడే లేచినవాళ్లు ఎవరైనా చదువుతుంటే, వైరస్ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది. దిష్టి అనీ వేడి అనీ వారం వృథా చేయకండి. యాభై దాటినవారికి రెండు డోసుల టీకా కూడా ఉంది. టీచరు గారూ, అది ఇప్పుడున్న నొప్పిని తగ్గించదు కానీ, సర్పి మళ్లీ వచ్చే అవకాశాన్ని తగ్గించడానికి ఇస్తారు. మీ డాక్టరును అడగండి.

మీ రెండో ప్రశ్న, పోతుందా అని. తేదీ చెప్పలేను. సర్పి నొప్పి చాలామందిలో నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. మీకు పద్నాలుగు నెలలు గడిచాయి కాబట్టి పూర్తిగా పోతుందని మాట ఇవ్వను, ఇలాగే ఉంటుందని కూడా అనను. ఇంతవరకు సరైన వైద్యం మీకు అందింది రెండు రాత్రులే. సొరుగులో పెట్టిన ఆ మాత్రల అట్ట తీసుకుని, గడువు తేదీ చూసుకుని, రాసిన డాక్టరు గారి దగ్గరికే మళ్లీ వెళ్లండి. నోరు ఎండిందనీ, భయపడి మానేశాననీ దాచకుండా చెప్పండి.

మనవరాలి విషయం. రెండేళ్ల పిల్లకు అమ్మమ్మ తోసిన సంగతి రేపటికి గుర్తుండదు, మళ్లీ పరుగెత్తుకుని వస్తుంది. అందుకని వచ్చే దారి మీరే ఏర్పాటు చేయండి. నున్నటి లోబట్ట వేసుకుని, ఎడమ వైపు ఒక దిండు అడ్డం పెట్టుకుని, కుర్చీలో కూర్చోండి. "ఇటు రా" అని కుడి చేయి చాపి పిలవండి. వచ్చాక సుతారంగా కాదు, కుడి పక్కకు గట్టిగా పొదువుకోండి. గట్టి పట్టు మండదు, రాపిడే మండుతుంది. మొదటి రోజు పది అంకెలు లెక్కపెట్టేంతసేపు చాలు. పాపకు కూడా లెక్కలు వస్తాయి.